మిడిల్ స్కూల్ స్కోర్లు చూసి ఇల్లు కొనాలా? రిపోర్టులో అంకెలు ఎలా చదవాలో చెప్పండి (డాలస్ వైపు)

ఇర్వింగ్_నాన్న

అందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా వ్యాలీ రాంచ్ వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. బాబు ఈ ఆగస్టులో ఆరో తరగతికి వెళ్తాడు, అంటే మిడిల్ స్కూల్. ఇప్పటికైనా ఇల్లు కొందామని తిరుగుతున్నాం. రెండు ఇళ్ళు నచ్చాయి కానీ రెండూ వేరే వేరే స్కూళ్ళ కిందకి వస్తాయి, అక్కడే ఆగిపోయాం.

మొదటి స్కూల్లో సగానికి పైగా ఆసియన్ పిల్లలు, స్టార్ పరీక్షలో (టెక్సస్ రాష్ట్రం ఏటా పెట్టేది) మ్యాథ్స్, రీడింగ్ రెండూ చాలా బాగున్నాయి, రాష్ట్రం ఇచ్చిన రేటింగ్ ఏ. ఇల్లు చిన్నది, ధర మా బడ్జెట్ దాటిపోతోంది. రెండో స్కూల్లో సగానికి పైగా హిస్పానిక్ పిల్లలు, ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్ (ఎకో డిస్ అంటారు, పేద ఇళ్ళ పిల్లలు) కూడా సగం దాటారు, రేటింగ్ బీ. స్కోర్లు మొదటి దానికంటే బాగా తక్కువ. ఇల్లు మాత్రం పెద్దది, ధర కూడా అందుబాటులో ఉంది.

మా వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకటే మాట, "అక్కడ మనవాళ్ళు లేరు, వద్దు". మనవాళ్ళు లేకపోవడం వల్ల స్కోరు తక్కువా, చెప్పడం బాగా లేక తక్కువా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ వాళ్ళ టీఏపీఆర్ రిపోర్టు (ఒక్కో స్కూల్ గురించి ఏటా ఇచ్చేది) డౌన్‌లోడ్ చేశాను, పేజీల కొద్దీ అంకెలే. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి. మా ఆవిడ మొదటి ఇల్లు అంటోంది, నేను ఏమీ తేల్చుకోలేకపోతున్నాను.

ఫ్రిస్కో_2011

మొదటిది తీసుకోండి. రేపు అమ్మాలన్నా స్కూల్ రేటింగ్ చూసే కొంటారు. ఇళ్ళు అమ్మే సైట్ జిల్లోలో ఇంటి పేజీలోనే, స్కూళ్ళకి రేటింగ్ ఇచ్చే గ్రేట్‌స్కూల్స్ వాళ్ళ నంబర్ కనిపిస్తుంది కదా, అది పదికి ఎంత ఎక్కువుంటే ధర అంత. మేము అలాగే కొన్నాం, బాధ పడలేదు.

లెక్కల_పిచ్చి

ఇర్వింగ్_నాన్న గారూ, మీరు అడిగిన ప్రశ్న చాలా సరైనది, మనలో చాలామంది అడగకుండానే ఇల్లు కొనేస్తున్నారు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక ఊహా లెక్క చెప్తాను, ఇవి నిజమైన స్కూళ్ళు కావు. ఒక స్కూల్లో 100 మంది ఉన్నారు, 90 మంది బాగా ఉన్న ఇళ్ళ పిల్లలు, 10 మంది పేద ఇళ్ళ పిల్లలు. మొదటివాళ్ళలో 70 శాతం, రెండోవాళ్ళలో 30 శాతం మీట్స్ స్థాయికి, అంటే తరగతికి తగ్గ స్థాయికి వచ్చారు అనుకుందాం. మొత్తం 63 ప్లస్ 3, అంటే 66. ఇంకో స్కూల్లో 40 మంది ఉన్న ఇళ్ళ పిల్లలు, 60 మంది పేద పిల్లలు. ఇక్కడ మొదటి గుంపులో 75 శాతం, రెండో గుంపులో 40 శాతం వచ్చారు అనుకోండి. 30 ప్లస్ 24, మొత్తం 54. బోర్డు మీద 66, 54 అని రాస్తే అందరూ మొదటి స్కూలే గొప్పదంటారు. కానీ రెండు గుంపుల్లోనూ రెండో స్కూలే మెరుగ్గా చెప్పింది. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఆ సంగతి దొరకదు.

అందుకే టీఏపీఆర్‌లో మొదటి కాలమ్ వదిలేసి పక్కకి వెళ్ళండి. రాష్ట్రం, స్కూల్ డిస్ట్రిక్ట్, క్యాంపస్ (అంటే ఆ స్కూల్) తర్వాత ఆఫ్రికన్ అమెరికన్, హిస్పానిక్, వైట్, ఆసియన్ అని విడివిడిగా ఉంటాయి, ఎకో డిస్ పిల్లలకి, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకి కూడా విడిగా ఉంటాయి. మీ బాబు లాంటి పిల్లలు రెండు స్కూళ్ళలో ఎలా రాస్తున్నారో అక్కడ పోల్చండి. కొన్ని గళ్ళలో అంకె బదులు నక్షత్రం గుర్తు (*) ఉంటుంది, ఆ గుంపులో పిల్లలు మరీ తక్కువగా ఉంటే ఎవరి మార్కులో బయటపడకుండా దాచేస్తారు.

ఇంకొకటి, పాసైనవాళ్ళలో స్థాయిలు మూడు ఉన్నాయి. అప్రోచెస్ అంటే పాస్. మీట్స్ అంటే ఆ తరగతి స్థాయి వచ్చినట్టు. మాస్టర్స్ అంటే పైన. "మా స్కూల్ 90 శాతం" అని ఎవరైనా అంటే ఏ స్థాయిలో అని అడగండి, చాలాసార్లు అది అప్రోచెస్ లెక్కే.

ఇర్వింగ్_నాన్న

చాలా థాంక్స్ అండీ, ఇలా ఎవరూ చెప్పలేదు. అయితే ఆ ఏ, బీ రేటింగ్ ఎలా ఇస్తారు? అందులో కూడా ఇదే తిరకాసు ఉంటుందా?

లెక్కల_పిచ్చి

కొంత ఉంటుంది, కానీ సరిచేసే ప్రయత్నం కూడా ఉంది. మూడు భాగాలు. ఒకటి, స్టూడెంట్ అచీవ్‌మెంట్. మిడిల్ స్కూల్‌కి ఇది అచ్చంగా స్టార్ మార్కులే. రెండు, స్కూల్ ప్రోగ్రెస్. ఇందులో పార్ట్ ఏ, పోయిన ఏడాదితో పోలిస్తే పిల్లాడు ఎంత ఎదిగాడు అని. పార్ట్ బీ, ఎకో డిస్ శాతం ఇంచుమించు ఇలాగే ఉన్న మిగతా స్కూళ్ళతో పోలిస్తే ఈ స్కూల్ ఎక్కడుంది అని. మూడు, క్లోజింగ్ ద గ్యాప్స్, ఒక్కో గుంపు పిల్లలు వాళ్ళకి పెట్టిన లక్ష్యాలు అందుకుంటున్నారా అని. మొదటి రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం, మూడో దానికి 30 శాతం.

అంటే ఒక స్కూల్‌కి మార్కుల వల్ల ఏ రావచ్చు, ఇంకో స్కూల్‌కి ఎదుగుదల వల్ల ఏ రావచ్చు. పైన కనిపించే అక్షరం ఒకటే. మీరు లోపలికి వెళ్ళి ఆ మూడు అక్షరాలూ విడిగా చూడండి. మీ రెండో స్కూల్‌కి బీ అన్నారు, అందులో పార్ట్ ఏ ఎంతో చూసి ఇక్కడ రాయండి.

సబ్_నుంచి_టీచర్

నేను రాయకుండా ఉండలేకపోతున్నాను. నాలుగేళ్ళు సబ్‌గా (టీచర్ లేనప్పుడు బదులు వెళ్ళే టీచర్‌గా) చేసి ఇప్పుడు ఇక్కడే ఒక మిడిల్ స్కూల్లో ఆరో తరగతి మ్యాథ్స్ చెప్తున్నాను. మాది టైటిల్ వన్ స్కూల్, అంటే పేద పిల్లలు ఎక్కువ ఉన్న స్కూళ్ళకి ఫెడరల్ డబ్బు వస్తుంది కదా, అది.

నా క్లాసులో ఒక పాప ఉంది. అక్టోబర్‌లో చేరింది, స్పానిష్ తప్ప ఏమీ రాదు. లెక్కల్లో చురుకు. భిన్నాలు బోర్డు మీద రాస్తే నాకంటే ముందే చేసేస్తుంది. కానీ టెక్సస్‌లో స్టార్ స్పానిష్‌లో రాసే వీలు ఐదో తరగతి వరకే ఉంది. ఆరు నుంచి ఇంగ్లిష్‌లోనే రాయాలి. మ్యాథ్స్ పేపర్ అంటే నాలుగు లైన్ల కథ చదివి అందులోంచి లెక్క తీయాలి. ఆ పాప స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంటే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చిన పిల్లల మార్కులు మొదటి ఏడాది రేటింగులో కలపరు, ఆ తర్వాత కలుస్తాయి. ఆమెకి వచ్చే మార్కు చూసి మీ వాట్సాప్ గ్రూపులో "ఆ స్కూల్లో చదువు లేదు" అంటారు.

ఇంకో బాబు వారంలో ఒక రోజు రాడు. వాళ్ళమ్మకి పొద్దున షిఫ్ట్ ఉన్న రోజు చెల్లెల్ని చూసుకోవాలి. ఏడాది మధ్యలో అద్దె కట్టలేక ఇల్లు మారే పిల్లలు, స్కూలే మారిపోయే పిల్లలు ఉన్నారు. టీఏపీఆర్‌లో మొబిలిటీ అని ఒక లైన్ ఉంటుంది, దయచేసి అది కూడా చూడండి. సెప్టెంబర్‌లో ఉన్న క్లాసూ ఏప్రిల్‌లో ఉన్న క్లాసూ ఒకటి కాదు మాకు.

మా స్కూల్లో అందరూ గొప్ప టీచర్లని అనను. కొన్ని పోస్టులకి మనిషి దొరకక ఏడాదంతా సబ్‌లతో నడిచాయి, అది నిజంగా లోపమే, అది మీరు తప్పకుండా అడగాలి. కానీ ఆ స్కోరు మొత్తం మా చదువు చెప్పడం మీద తీర్పు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

కొప్పెల్_అమ్మ

టీచర్ గారూ, మీ పోస్టు చదివి కాసేపు ఏమీ తోచలేదు. ఆ పాప విషయం మనసులోంచి పోవట్లేదు.

నేను రెండో వైపు నుంచి చెప్తాను. మా ఇద్దరు పిల్లలూ మొదటి రకం స్కూల్లోనే చదివారు, క్లాసులో ఎటు చూసినా మన పిల్లలే, కొరియన్, చైనీస్ పిల్లలు కొంతమంది. స్కోర్లు అద్భుతం. కానీ మేము సాయంత్రాలు ఏం చేసేవాళ్ళమో చెప్పనా? సోమ, బుధ కుమాన్ ట్యూషన్. శనివారం మ్యాథ్ కాంపిటీషన్ క్లాసు. ఆదివారం రైటింగ్ క్లాసు. మా వీధిలో దాదాపు అందరిదీ అదే వరస. ఆ స్కూల్ స్కోరులో స్కూల్ వాటా ఎంత, మేము బయట కట్టిన ఫీజుల వాటా ఎంత అనేది ఏ రిపోర్టులోనూ ఉండదు.

మా పెద్దది ఏడో తరగతిలో ఉండగా ఒక రాత్రి ఏడుస్తూ "నాకు తెలివి లేదమ్మా" అంది. స్టార్‌లో మాస్టర్స్ వచ్చిన పిల్ల! ఎందుకే అంటే, తన టేబుల్ దగ్గర ఉన్న నలుగురూ అప్పటికే ఆల్జీబ్రా అయిపోయి జామెట్రీ చేస్తున్నారట. ఆ రాత్రి నేనూ మా ఆయనా నిద్ర పోలేదు. తర్వాత రెండు క్లాసులు మానిపించాం. ఇప్పుడు బాగానే ఉంది. అయినా ఇప్పటికీ పరీక్ష అంటే ఆ టెన్షన్ పోలేదు దానికి.

ఫ్రిస్కో_2011

అక్కా, మీ బాధ అర్థమైంది, కానీ నా వైపు కూడా వినండి. పిల్లాడి చుట్టూ ఎవరున్నారనేది చిన్న విషయం కాదు. 1966లో కోల్‌మన్ రిపోర్టు వచ్చింది, సివిల్ రైట్స్ చట్టం కింద ప్రభుత్వమే చేయించింది, ఆరు లక్షల మందికి పైగా పిల్లల్ని చూశారు. స్కూల్‌కి ఉన్న డబ్బు, బిల్డింగుల కంటే ఇంటి నేపథ్యమే పెద్దదన్నారు, దాని తర్వాత తోటి పిల్లల ప్రభావం కూడా ఉందన్నారు. నేను కట్టుకథ చెప్పట్లేదు. మా వాడు నలుగురు చదివేవాళ్ళ మధ్య కూర్చుంటే చదువుతాడు, లేకపోతే కిటికీలోంచి చూస్తాడు. వాడి సంగతి నాకు తెలుసు కాబట్టే ఆ ఇల్లు కొన్నాను. హిస్పానిక్ పిల్లల మీద నాకు ఏ చిన్నచూపూ లేదు, దయచేసి అలా అనుకోవద్దు.

లెక్కల_పిచ్చి

మీరు చెప్పింది కొట్టిపారేయలేం. మేరీలాండ్‌లో మాంట్‌గోమరీ కౌంటీ మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. పేద కుటుంబాలకి లాటరీ లాంటి పద్ధతిలో వేరే వేరే చోట్ల ప్రభుత్వ ఇళ్ళిచ్చారు, అందులో కలిగినవాళ్ళు ఎక్కువున్న స్కూళ్ళలో పడ్డ పిల్లలు ఏళ్ళు గడిచేకొద్దీ బాగా ఎదిగారు. అంటే చుట్టూ ఉన్నవాళ్ళు, ఆ స్కూల్ వాతావరణం పనిచేస్తాయి, ముఖ్యంగా పేద పిల్లలకి. కానీ ఇంట్లో పుస్తకాలు, చదువుకున్న అమ్మానాన్నలు, బయట ట్యూషన్ ఉన్న మన పిల్లాడు మిశ్రమంగా ఉన్న స్కూల్‌కి వెళ్తే పాడైపోతాడని ఆ అధ్యయనం చెప్పలేదు.

స్టాన్‌ఫోర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం దేశమంతా 3 నుంచి 8 తరగతుల స్కోర్లు పోగేసింది. సగటు స్కోరు కుటుంబాల ఆదాయం వెంబడే నడుస్తుంది. ఏటా పిల్లలు ఎంత ఎదుగుతున్నారన్నది చూస్తే మాత్రం ఆ సంబంధం చాలా బలహీనం. చికాగో పబ్లిక్ స్కూళ్ళలో పిల్లలు, ఎక్కువమంది పేదవాళ్ళే, మూడు నుంచి ఎనిమిది లోపు ఐదేళ్ళలో ఆరేళ్ళ చదువంత ఎదిగారని తేలింది. గ్రేట్‌స్కూల్స్ వాళ్ళు కూడా 2020లో లెక్క మార్చి ఎదుగుదలకి బరువు పెంచారు.

ఇంకో మాట, ఆసియన్ అనే కాలమ్ చూసి "మనవాళ్ళ తెలివి" అనుకోకండి. అక్కడ కూర్చున్న మన పిల్లల్లో చాలామంది హెచ్‌వన్‌బీ మీద వచ్చిన వాళ్ళ పిల్లలు. ఆ వీసాకి డిగ్రీ ఉండాలి. అంటే గేటు దగ్గరే చదువుకున్నవాళ్ళని ఏరి పంపారు. పరీక్షకి పిల్లాడు కూర్చునే ముందే ఆ కాలమ్ సగం నిండిపోయింది.

కొత్తగా_వచ్చాం

ఒక చిన్న సందేహం. మేము చూస్తున్న స్కూల్లో ఆరో తరగతి మ్యాథ్స్ బాగుంది, ఏడో తరగతికి వచ్చేసరికి ఒక్కసారిగా పడిపోయింది. ఏడో తరగతి టీచర్ బాగా చెప్పట్లేదా?

సబ్_నుంచి_టీచర్

అయ్యో, ఇది ఎంతమందిని తప్పుదారి పట్టిస్తుందో! టీచర్ తప్పు కాదమ్మా. అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో ఉన్న పిల్లలు ఏడో తరగతిలో ఉండగానే ఎనిమిదో తరగతి స్టార్ రాస్తారు. ఎనిమిదిలో ఆల్జీబ్రా వన్ తీసుకుని దాని పరీక్ష రాస్తారు. కాబట్టి ఏడో తరగతి మ్యాథ్స్ అనే లైన్‌లో మిగిలేది మామూలు మ్యాథ్స్ పిల్లలే. చురుకైనవాళ్ళు పక్క లైన్‌కి వెళ్ళిపోయారు. ఒక స్కూల్ ఎక్కువమందిని అడ్వాన్స్‌డ్‌లోకి పంపితే ఈ లైన్ ఇంకా కిందికి పోతుంది.

ఇర్వింగ్_నాన్న గారికి కూడా పనికొచ్చే మాట. 2023లో టెక్సస్‌లో ఒక చట్టం చేశారు, ఐదో తరగతి మ్యాథ్స్ స్టార్‌లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరో తరగతిలో తప్పకుండా అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో వేయాలి, తల్లిదండ్రులు వద్దంటే తప్ప. అంతకుముందు టీచర్ సిఫారసో, అమ్మానాన్నల ఒత్తిడో ఉంటేనే వెళ్ళేవాళ్ళు, మా స్కూల్లో మంచి మార్కులొచ్చిన పిల్లలు అడిగేవాళ్ళు లేక మామూలు క్లాసులో ఉండిపోయేవాళ్ళు. ఇప్పుడు నా అడ్వాన్స్‌డ్ క్లాసులో అన్ని రకాల ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. ఆ గదిలోకి వెళ్ళాలంటే నాకు పండగలా ఉంటుంది.

వ్యాలీరాంచ్_బాబాయ్

రెండు విషయాలు చెప్పి వెళ్తాను. అడ్రస్‌లో ఇర్వింగ్ అని ఉన్నంత మాత్రాన ఇర్వింగ్ ఐఎస్‌డీ (ఐఎస్‌డీ అంటే స్కూల్ డిస్ట్రిక్ట్) అనుకోవద్దు. ఇర్వింగ్ ఊళ్ళోనే కొన్ని వీధులు కొప్పెల్ ఐఎస్‌డీ, కొన్ని క్యారల్టన్ ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ. అడ్వాన్స్ ఇచ్చేముందు ఇంటి నంబర్‌తో సహా డిస్ట్రిక్ట్ సైట్‌లో కొట్టి చూడండి.

రెండోది, ఏ ఇల్లు ఏ స్కూల్ కిందకి వస్తుందో చెప్పే జోన్ శాశ్వతం కాదు. పిల్లల సంఖ్య తగ్గుతోందని ప్లేనో ఐఎస్‌డీ 2024 జూన్‌లో నాలుగు స్కూళ్ళు మూసేయాలని తీర్మానించింది, అందులో రెండు మిడిల్ స్కూళ్ళు. ఆ స్కూళ్ళ కోసమే ఇల్లు కొన్నవాళ్ళ పరిస్థితి ఆలోచించండి.

కొత్తగా_వచ్చాం

స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇచ్చారు. తెలుగు అని రాయొద్దు, రాస్తే పాపని ఈఎస్ఎల్‌లో (ఇంగ్లిష్ ఇంకా రాని పిల్లల క్లాసులో) వేస్తారు, ఇంగ్లిష్ అని రాసేయ్ అని మా ఫ్రెండ్ అంది. అలా చేయొచ్చా?

సబ్_నుంచి_టీచర్

నిజం రాయండి. తెలుగు అని రాస్తే పాపకి ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, వస్తే అక్కడితో అయిపోతుంది. రాకపోతే ఎమర్జెంట్ బైలింగ్వల్ (ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్ల) అని నమోదు చేసి సాయం ఇస్తారు, ఏటా టెల్పాస్ అనే పరీక్ష పెడతారు. సాయం వద్దని మీరు చెప్పొచ్చు, కానీ ఆ నమోదు, ఆ పరీక్ష మాత్రం బయటపడే స్థాయి వచ్చేదాకా ఉంటాయి. అది శిక్ష కాదు. చక్కగా మాట్లాడే పిల్లలు కూడా సైన్స్ పాఠంలో పదాల దగ్గర తడబడుతుంటారు, అప్పుడు ఆ సాయం పనికొస్తుంది. మన భాష పేరు ఫారంలో రాయడానికి భయపడితే పిల్లలు అది గమనిస్తారు.

పల్నాడు_పిల్లోడు

ఇదంతా చదువుతుంటే మా జిల్లా పరిషత్ హైస్కూల్ గుర్తొచ్చింది. నేను చేరేనాటికే ఊళ్ళో కాస్త ఉన్నవాళ్ళంతా పిల్లల్ని బస్సెక్కించి టౌన్‌లో కాన్వెంట్‌కి పంపడం మొదలుపెట్టారు. ఆరో తరగతి నుంచి మా బెంచీల మీద మిగిలింది కూలికి వెళ్ళేవాళ్ళ పిల్లలం. మిరప కోతలొచ్చాయంటే సగం క్లాసు చేలోనే. ఆ కోతలు, పరీక్షలు ఇంచుమించు ఒకేసారి వచ్చేవి. పది ఫలితాలు రాగానే "జెడ్పీ స్కూల్ అంతే" అనేవాళ్ళు. మా లెక్కల మాస్టారు సాయంత్రం కోతల నుంచి వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి లాంతరు వెలుగులో చెప్పేవారు. ఆయన లేకపోతే నేను ఈ రోజు ఈ దేశంలో లేను. ఆయన కష్టం ఏ శాతంలోనూ కనపడలేదు.

అక్కడ యూడైస్‌లో (దేశంలో బడుల వివరాలన్నీ ఉండే ప్రభుత్వ లెక్క) ప్రతి బడికీ ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలు ఎందరో లెక్క ఉంటుంది. 2021 నవంబరులో పెట్టిన నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే లాంటివేమో జిల్లా స్థాయిలోనే ఆ తేడాలు చెప్తాయి. ఈ బడిలో ఏ పిల్లలు ఎంత ఎదిగారు అన్నది ఒకే కాగితం మీద ఊళ్ళో అమ్మానాన్నలకి కనపడదు. ఇక్కడ ఆ కాగితం చేతికిస్తున్నారు. మనం పైనున్న ఒక్క అక్షరం చూసి పక్కన పడేస్తున్నాం, అదే నా బాధ.

ఫ్రిస్కో_2011

తమ్ముడూ, మీ మాస్టారి మాట చదివాక నా మొదటి పోస్టు మళ్ళీ చూసుకున్నాను. రీసేల్ విషయంలో నా మాట మీద నిలబడతాను. కానీ "మొదటిది తీసుకోండి" అని రిపోర్టు చూడకుండానే చెప్పడం తప్పే.

ఇర్వింగ్_నాన్న

మూడు వారాలయింది, జరిగింది చెప్తాను.

ఇద్దరం కూర్చుని రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాం. ఆసియన్ కాలమ్‌లో రెండో స్కూల్ కాస్త వెనకే ఉంది, కానీ మేము భయపడినంత తేడా లేదు, పిల్లలు కూడా తక్కువమంది. ఎకో డిస్ కాలమ్‌లో మాత్రం రెండో స్కూలే ముందుంది. పార్ట్ ఏ ఎదుగుదలలో దానికి ఏ, మొదటి దానికి బీ. మా ఆవిడ ఆ అక్షరాలు రెండుసార్లు చదివించింది.

తర్వాత రెండు చోట్లకీ వెళ్ళాం. టీచర్ గారు చెప్పినట్టు ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఏడాదంతా సబ్‌లతో నడిచిన క్లాసులున్నాయా అని అడిగాను. రెండో స్కూల్లో ఒక సైన్స్ పోస్టు ఖాళీగా ఉందని కౌన్సెలర్ దాచకుండా చెప్పారు. ఆల్జీబ్రా వన్ రెండు సెక్షన్లు ఉన్నాయి. మేము వెళ్ళిన టైమ్‌కి బ్యాండ్ ప్రాక్టీసు జరుగుతోంది, మా వాడు తలుపు దగ్గర నిలబడి అక్కడి నుంచి కదల్లేదు. కారెక్కాక "ట్రంపెట్ వాళ్ళే ఇస్తారా, మనం కొనాలా?" అని అడిగాడు.

రెండో ఇంటికి ఆఫర్ పెట్టాం, నిన్న ఒప్పుకున్నారు. స్టార్ కూడా 2027-28 నుంచి పోయి ఏడాదిలో మూడు చిన్న పరీక్షలు వస్తున్నాయట, అంటే వాడు ఏడో తరగతిలో ఉండగా ఈ అంకెలన్నీ మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి. అప్పుడు కూడా ఇక్కడికే వస్తాను.

టీచర్ గారూ, మీ క్లాసులో ఆ పాప ఈసారి ఎలా రాసింది?

సబ్_నుంచి_టీచర్

రిజల్ట్స్ ఇంకా రాలేదండీ. కానీ నిన్న మొదటిసారి నాలుగు లైన్ల లెక్క తనంతట తనే ఇంగ్లిష్‌లో చదివి, చేసి, నా టేబుల్ దగ్గరికి తెచ్చి చూపించింది.

కొప్పెల్_అమ్మ

ట్రంపెట్ కొనకండి ఇర్వింగ్_నాన్న గారూ, మా చిన్నది మానేసింది, అటకెక్కి ఉంది. వీకెండ్ వచ్చి తీసుకెళ్ళండి.